పైపు ఆపండి, లోటా కాదు

ఎండలు ముదిరాయంటే చాలు, మన బస్తీల్లో, కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ఒక హుకుమ్ బయలుదేరుతుంది. "నీళ్ళకు తకలీఫ్‌గా ఉంది, మొక్కలకు పోయడం బంద్ చేయండి." వినడానికి చాలా జిమ్మేదారీ ఉన్న మాటలా ఉంటుంది. చెప్పేవాళ్ళు కూడా గొంతులో కాస్త బరువు పెట్టి చెబుతారు. విన్నవాళ్ళు తలూపుతారు. మిద్దె మీద పుదీనా, అంబాడా, హరీ మిర్చీ వేసుకున్న ఆడవాళ్ళు మాత్రం ఏదో జుర్మ్ చేసినట్టు తల దించుకుని బకెట్ లోపల పెట్టేస్తారు.

నేను తల దించుకోను. ఈ హుకుమ్ నీళ్ళు మిగల్చదు. ఇంట్లో జవాబ్ చెప్పలేని వాటి మీద, జవాబ్ చెప్పడం అలవాటు లేని వాళ్ళ మీద పడుతుంది, అంతే. ఎండాకాలం కూరగాయల తోటకు నీళ్ళు పోయడం ఇస్రాఫ్ కాదు. పోసే తరీఖాలో ఇస్రాఫ్ ఉండొచ్చు. ఈ రెండింటినీ కలిపేసి, తోటనే ముజ్రిమ్‌ను చేసి నిలబెట్టడం ఇన్సాఫ్ కాదు. నా బహస్ అంతా ఇదే.

ముందు మా బిల్డింగ్ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ బిల్డింగ్ సంగతి కూడా ఇదే అయ్యుంటుంది. హైదరాబాద్‌లో పన్నెండు ఫ్లాట్ల ఇల్లు మాది. మిద్దె మీద అయిదు కుటుంబాల గమ్లాలు ఉన్నాయి. ఏప్రిల్‌లో లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు: వానలు పడేదాకా మిద్దె మీది మొక్కలకు బిల్డింగ్ నీళ్ళు వాడకూడదు, వాడితే అయిదు వందలు జుర్మానా. సరే, నీళ్ళ కొరత నిజమే, రెండు రోజులకో ట్యాంకర్ దిగుతోంది. కానీ అదే కాగితం కింద నుంచి రోజూ పొద్దున వాచ్‌మన్ పైపు లాక్కెళ్ళి పార్కింగ్ గచ్చు, ర్యాంపు, పైన నాలుగు కార్లు కడుగుతాడు. అతని ఖసూర్ ఏమీ లేదు, చెప్పిన పని చేస్తున్నాడు. నేను ఒకరోజు ఆ పైపు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూశాను. నిండడానికి 70 సెకన్లు పట్టింది. పైపు నడిచేది పాతిక నిమిషాలు. హిసాబ్ మీరే వేసుకోండి, నాలుగు వందల లీటర్లు దాటుతుంది. ఆ నీళ్ళన్నీ గేటు దాటి రోడ్డు మీద ఆవిరైపోతాయి. గచ్చు మీద ఏమీ మొలవదు.

కమిటీ సెక్రటరీ సాబ్‌ను అడిగాను. "ఆపా, కార్లు కడగకపోతే దుమ్ము పడుతుంది కదా" అన్నారు. "మొక్కలకు పోయకపోతే చచ్చిపోతాయి కదా భాయ్" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వులోనే మొత్తం మస్‌లా ఉంది. కారు జరూరత్, కొత్మీర్ షౌఖ్. మగవాళ్ళ వస్తువు అవసరం కిందికి వస్తుంది, ఆడవాళ్ళ పని కాలక్షేపం కిందికి వస్తుంది.

ఇప్పుడు తోట హిసాబ్ చూద్దాం, ఎందుకంటే జజ్‌బాత్‌తో బహస్ గెలవలేం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. మే నెలలో మన దక్కన్ ఎండకు, పొడి గాలికి, నిండుగా ఆకు పట్టిన తోట రోజుకు సుమారు ఆరేడు మిల్లీమీటర్ల నీళ్ళు గాలిలోకి వదులుతుంది. అంటే చదరపు మీటరుకు ఆరేడు లీటర్లు. నా గమ్లాలు, రెండు క్యారీలు, తురాయి పందిరి అన్నీ కలిపితే ఏడు చదరపు మీటర్లు. రోజుకు 42 నుంచి 49 లీటర్లు చాలు. నీడ, గడ్డి కప్పడం లాంటి జాగ్రత్తలు తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. పార్కింగ్ గచ్చుకు నాలుగు వందలు, మూడు రకాల ఆకుకూర, బైంగన్, తురాయి, మిర్చీ ఇచ్చే తోటకు 45. జుర్మానా పడింది 45కు.

ఇంకో మాట. ఆ 45 లీటర్లు కూడా నల్లా నుంచి తాజాగా రావాల్సిన అవసరం లేదు. మన ఇళ్ళలో దానికి ఒక ఖజానా ఉంది. రోజుకు అయిదు పూటలా మన చేతుల మీదుగానే మోరీలోకి పోతోంది. వజూ నీళ్ళు.

దీని గురించి కాస్త నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే కొందరికి శక్ ఉంటుంది. వాడిన వజూ నీళ్ళు నాపాక్ కావు. హనఫీ ఫిఖ్హ్‌లో వాటిని తాహిర్ అంటారు, ముతహ్హిర్ అనరు. అంటే ఆ నీళ్ళు పాక్‌గానే ఉంటాయి, కానీ వాటితో మళ్ళీ వజూ చేయడం కుదరదు. చెట్టు వేరుకు పోయడానికి ఏ అడ్డూ లేదు. పైగా ఇంట్లో వాడేసిన నీళ్ళన్నింటిలో మొక్కకు ఇంతకంటే మంచివి దొరకవు. ఇందులో సబ్బు లేదు, షాంపూ లేదు, నూనె జిడ్డు లేదు, ఉప్పు లేదు. బట్టలు ఉతికిన నీళ్ళు పోస్తే సోడా, డిటర్జెంట్ మట్టిలో చేరి నేలను పాడు చేస్తాయి. వజూ నీళ్ళకు ఆ భయం లేదు.

మా ఇంట్లో వాష్ బేసిన్ దగ్గర వజూ చేయడం మానేసి, ఒక పాటా, ముందు వెడల్పాటి తసలా పెట్టుకున్నాం. రోజంతా పట్టి వారం పాటు కొలిచాను. మగవాళ్ళు ఎక్కువగా మస్జిద్‌లోనే వజూ చేస్తారు కాబట్టి అమ్మీ, నేను, ఇద్దరు పిల్లలు, అప్పుడప్పుడు మా ఆయన. రోజుకు దాదాపు 30 లీటర్లు వచ్చాయి. బియ్యం, పప్పు, ఆకుకూర కడిగిన నీళ్ళు ఇంకో పది. రాత్రి ఏసీ పైపు కింద పెట్టిన డబ్బాలో అయిదు. ఏసీ నీళ్ళలో లవణాలు ఉండవు కాబట్టి గమ్లాలకు నిక్షేపంగా పోయొచ్చు. మనకు ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, అందుకే కొంచెమే వస్తాయి. విజయవాడ, నెల్లూరు వైపు ఉక్కపోతకు ఇంకా ఎక్కువ వస్తాయి. మొత్తం 45. నా తోటకు కావలసినన్నీ అవే. ట్యాంకర్ నుంచి నేను తీసుకున్నది సున్నా. మరి నా తోట బంద్ చేయిస్తే బిల్డింగ్‌కు మిగిలింది ఎంత? అదీ సున్నా.

మన తాలీమ్ ఏమిటో మనకు తెలియనిది కాదు. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూలో ఇస్రాఫ్ వద్దని బచ్‌పన్ నుంచి వింటున్నాం. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీళ్ళతో వజూ పూర్తి చేసేవారని సహీహ్ హదీసుల్లో ఉంది. ముద్ అంటే దోసెడు కొలత, సుమారు ముప్పావు లీటరు, కొందరి లెక్కలో లీటరు. మనం నల్లా పూర్తిగా తిప్పి, మాట్లాడుకుంటూ, ముఖం కడిగేలోపే అంతకు అయిదారింతలు వదిలేస్తాం. ఆ చేత్తోనే బయటికొచ్చి, మిర్చీ మొక్కకు లోటాడు నీళ్ళు పోస్తున్న ఆడమనిషిని చూసి "ఫిజూల్ ఖర్చీ" అంటాం. ఒక మొక్క నాటితే దాని నుంచి మనిషి, పిట్ట, జంతువు ఏది తిన్నా నాటినవాళ్ళకు సదఖా అని కూడా మనం విన్నాం. ఆ హదీస్‌ను మొక్కలు నాటే ప్రోగ్రామ్‌లో ఫ్లెక్సీ మీద రాయిస్తాం. నాటిన మొక్కకు మే నెలలో నీళ్ళెవరు పోస్తారో ఆ ఫ్లెక్సీ మీద ఉండదు.

మస్జిద్ కమిటీలకు కూడా ఒక గుజారిష్. జుమా రోజు వందల మంది వజూ చేస్తారు. ఆ నీళ్ళన్నీ ఒకే మోరీలో కలిసి పోతాయి. అందులో తుమ్మి, ఉమ్మి వేసే అలవాటు కొందరికి ఉంది కాబట్టి ఆకుకూరలకు వద్దనుకుందాం, పర్వాలేదు. వేప, కానుగ, కొబ్బరి, జామ చెట్లకు అభ్యంతరం ఏముంది? ఒక పైపు మళ్ళించి, ఒక గుంత తవ్వి, మస్జిద్ గోడ పక్కన నాలుగు చెట్లు పెంచితే నమాజీల చెప్పుల దగ్గర నీడ వస్తుంది. దీనికి చందా వసూలు కూడా పెద్దగా అక్కర్లేదు.

ఇక రెండో జవాబ్ ఇవ్వాల్సింది "బజార్లో దొరుకుతుంది కదా" అనేవాళ్ళకు. "రెండు నెలలు వదిలేయండి, వానల్లో మళ్ళీ వేసుకోండి, పది రూపాయలకు కట్ట పుదీనా వస్తుంది, ఎందుకింత జిద్?" ఈ మాట నేను సొంత దస్తర్‌ఖాన్ దగ్గర కూడా విన్నాను. బజార్ పుదీనా నీళ్ళు లేకుండా ఆకాశం నుంచి దిగిందా? ప్రపంచ సగటు తీసుకుంటే కిలో కూరగాయ పండడానికి దాదాపు 320 లీటర్ల నీళ్ళు పడతాయని లెక్క కట్టారు. అందులో వాన నీళ్ళూ ఉన్నాయి, బోరు నీళ్ళూ ఉన్నాయి. ఎండాకాలం వాన ఎక్కడిది? రైతు బోరు నుంచే తోడాలి. ఆ నీళ్ళు మీ నల్లా బిల్లులో కనిపించవు కాబట్టి మీరు పొదుపు చేశామనుకుంటారు. మీ ఇంటి 45 లీటర్లు ఆపి, ఎవరో పల్లెటూరి రైతు బోరు నుంచి అంతకు మించి లాగడం పొదుపు కాదు, కంటికి కనపడని చోట ఖర్చు చేయడం.

పైగా హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. మూసీ కింది గ్రామాల్లో నగరం మురుగు నీళ్ళతో ఆకుకూరలు పండించడం ఏళ్ళ తరబడి జరుగుతున్నదే. ఆ రైతులను నేను తిట్టను, మన మురుగును మనమే వాళ్ళ మీదికి వదిలాం. కానీ చట్నీలో పచ్చిగా వేసుకునే కొత్మీర్, పుదీనా విషయంలో, ఏ నీళ్ళతో పెరిగిందో నాకు తెలియాలి అనుకోవడం షౌఖ్ ఎలా అవుతుంది?

మా మూడో అంతస్తులో ఒక ఖాలా ఉన్నారు. బేవా. కొడుకు దూరంలో, పంపేది అంతంత మాత్రం. ఆమెకు మిద్దె మీద ఇరవై దాకా డబ్బాలు ఉన్నాయి, పెయింట్ డబ్బాలు, నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు. పుదీనా, కొత్మీర్, పాలక్ వేసి, మెయిన్ రోడ్ మీది టిఫిన్ బండికి, చుట్టుపక్కల ఇళ్ళకు ఇస్తారు. రోజుకు నలభై, యాభై. నెలకు వెయ్యి, పన్నెండు వందలు. ఎండాకాలంలో ధర పెరుగుతుంది కాబట్టి ఆమెకు ఇదే సీజన్. ఆమె బీపీ గోలీలు, ఫోన్ రీచార్జ్ ఈ డబ్బుతోనే. కాగితం అంటించిన మూడో రోజుకు జుర్మానా భయంతో సగం డబ్బాలు ఖాళీ చేసేశారు. "పోనీలే బేటీ, ఎవరితో తగువు" అన్నారు. అయిదు వందల జుర్మానా అంటే ఆమెకు పది రోజుల కమాయీ. ఆమె తీసుకున్నది ఎంత? రోజుకు రెండు బకెట్లు, అదీ గుసుల్‌ఖానాలో వజూకు, చేతులకు వాడినవి. కమిటీలో ఒక్కరూ మిద్దె ఎక్కి ఇది చూడలేదు. మిద్దె ఎక్కి చూస్తే నియమం వేరేలా రాసేవాళ్ళని నా నమ్మకం, ఎందుకంటే వాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు. చూడకుండా రాయడమే తప్పు.

ఇంతవరకు తోటను వెనకేసుకొచ్చాను. ఇప్పుడు తోటవాళ్ళను కూడా వదలను, ఎందుకంటే మనలోనే కొందరు దుష్మన్ చేతికి కత్తి ఇస్తున్నారు.

పైపు పట్టుకుని అసర్ తర్వాత అరగంట చిలకరించే షౌఖ్ ఒకటుంది. ఆకుల మీద, గోడ మీద, గచ్చు మీద, పిల్లల మీద నీళ్ళు పడతాయి. మట్టి వాసన వస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. మొక్క వేరుకు అందేది మాత్రం పైపైన అర అంగుళం తడి. మర్నాడు పది గంటలకే ఆరిపోతుంది. వేరు కూడా తడి కోసం పైకే వచ్చి, ఎండకు కాలిపోతుంది. రోజూ పోసినా మొక్క బలహీనంగానే ఉంటుంది. అది చూసి ఇంకా ఎక్కువ పోస్తారు. పోసినవాళ్ళకు సుకూన్, మొక్కకు దాహం.

ఇంకొందరు మిట్టమధ్యాహ్నం కద్దూ, తురాయి ఆకులు వాలిపోయాయని ఘాబరా పడి జొహర్ వేళ బకెట్లు మోస్తారు. ఆ ఎండలో పెద్ద ఆకు వాలడం సహజం. వేరు తెచ్చే నీళ్ళ కంటే ఆకు వదిలే నీళ్ళు ఆ రెండు మూడు గంటలు ఎక్కువ, అందుకే వాలుతుంది. పొద్దు వాలాక దానంతటదే లేచి నిలబడుతుంది. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి. తడి తగిలితే మొక్కకు తకలీఫ్ ఏమీ లేదు, మీరు నీడకు వెళ్ళండి. మర్నాడు పొద్దున్నే కూడా వాలిపోయి ఉంటే అప్పుడు దానికి నిజంగా దాహం వేసినట్టు.

మధ్యాహ్నం ఆకు మీద నీటి చుక్క పడితే భూతద్దంలా ఎండను పట్టి కాల్చేస్తుందని మన నానీల నుంచి వింటున్నాం. 2010లో హంగేరీ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి, నున్నటి ఆకుల మీద అలా జరగదని, నూగు ఉన్న కొన్ని ఆకుల మీద మాత్రమే ఆ ప్రమాదం ఉండొచ్చని తేల్చారు. కాబట్టి మధ్యాహ్నం వద్దు అనడానికి కారణం వేరు. మిద్దె మీది నల్ల ట్యాంకులో, ఎండలో పడి ఉన్న పైపులో నీళ్ళు అప్పటికి చేయి పెట్టలేనంత వేడెక్కి ఉంటాయి. ఆ నీళ్ళు వేరును ఉడికిస్తాయి. మిగతావి వేరుకు చేరకముందే ఆవిరైపోతాయి.

టమాటా పూత రాలిపోతోందని నీళ్ళు పెంచేవాళ్ళకూ ఒక మాట. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పని చేయదు, కాయ కట్టదు. బకెట్లు కుమ్మరించినా లాభం లేదు. అది నీళ్ళ లోటు కాదు, మౌసమ్ లోటు. మే నెలలో టమాటాతో జిద్ వద్దు. ఎండకు తట్టుకునేవి వేసుకోండి: బెండ, గవార్ ఫల్లీ, బైంగన్, తోటకూర, బచ్చలి, అంబాడా. మన పెద్దవాళ్ళు ఎండాకాలం అంబాడే కీ భాజీ ఊరికే తినలేదు.

పోసే తరీఖా చెప్పకపోతే ఈ బహస్ అధూరా. ఫజర్ నమాజ్ కాగానే, పొద్దు పొడవకముందే పోయాలి. అప్పుడు మట్టి, గచ్చు, నీళ్ళు అన్నీ చల్లగా ఉంటాయి, మొక్క రోజంతటికీ సరిపడా తాగి ఎండకు సిద్ధంగా ఉంటుంది. పొద్దున కుదరకపోతే మగ్రిబ్ దాటాక. అసర్ వేళకు మిద్దె గచ్చు ఇంకా పెనంలా ఉంటుంది. పైపుతో కాదు, లోటాతో, బద్‌నాతో, వేరు దగ్గర, నెమ్మదిగా పోయండి. పూర్తిగా ఎండిన మట్టి మొదటి లోటాను తీసుకోదు, గమ్లా అంచుల నుంచి జారి కింది రంధ్రంలోంచి కారిపోతుంది. అందుకే కాస్త పోసి, మిగతా గమ్లాల దగ్గరికి వెళ్ళి, తిరిగొచ్చి రెండోసారి పోయండి. చిన్న గమ్లాలకు రోజూ కావాలి. లోతైన క్యారీలకు రెండు రోజులకోసారి నిండుగా పోస్తే వేరు కిందికి దిగుతుంది.

మట్టి మీద ఎండు ఆకులు, గడ్డి, కొబ్బరి పీచు రెండు అంగుళాలు పరచండి. పైన పచ్చ జాలీ కట్టండి. గమ్లాలను విడివిడిగా కాకుండా దగ్గర దగ్గరగా, ఇటుకల మీద పెట్టండి. ఆకులు ఒకదానికొకటి నీడ ఇస్తాయి, కింది గచ్చు వేడి తగలదు. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు మాత్రం మొక్కలకు రోజూ పోయకండి, వాటిలో లవణాలు చేరి ఉంటాయి. ఆ నీళ్ళు నేల తుడవడానికి, పాయిఖానాకు వాడండి. గచ్చు కడగాలనే కమిటీలు కూడా అవే వాడుకోవచ్చు, ఫ్లాటుకో బకెట్ ఇస్తాం.

క్యారీ మధ్యలో ఒక మట్టి ఘడా మెడదాకా పాతి, నీళ్ళు నింపి, మూత పెట్టండి. లోపలా బయటా రంగు, పాలిష్ ఉండకూడదు. మట్టి ఎండినకొద్దీ కుండ గోడలోంచి నీళ్ళు ఊరుతాయి, తడి ఉంటే ఊరవు. చుట్టూ మొక్కలు తమకు కావలసినంత తీసుకుంటాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. బజార్లో కుండ ధర ఒక పిజ్జా కంటే తక్కువ.

ఇప్పుడు హుకుమ్‌ల దగ్గరికి తిరిగి వద్దాం. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు ఒక ఆర్డర్ ఇచ్చింది: కార్లు కడగడానికి, తోటలకు, ఇళ్ళ నిర్మాణానికి, ఫౌంటెన్లకు తాగునీళ్ళు వాడకూడదు, వాడితే అయిదు వేలు జుర్మానా. ఆ ఊరి కష్టం నిజం, ఆర్డర్‌కు కారణం ఉంది. అందులో ఉన్న మాట "తాగునీళ్ళు". వాడేసిన నీళ్ళు కాదు. మన కమిటీలు ఆ ఒక్క మాట వదిలేసి మిగతాది పట్టుకున్నాయి. పైగా ఫౌంటెన్‌నూ, లాన్‌నూ, ఒక ఇంటి పాలక్ క్యారీనీ ఒకే గాటన కట్టడం నాకు ఎప్పటికీ హజమ్ కాదు. ఫౌంటెన్ ఎవరి కడుపూ నింపదు.

ఇంగ్లండ్‌లో 2022 జూలైలో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. ఆ ఎండాకాలంలో అక్కడ కొన్ని నీటి కంపెనీలు తోటలకు పైపు వాడకం మీద పాబందీ పెట్టాయి. పైపు మీదే. బకెట్, నీళ్ళ డబ్బా పట్టుకుని మోసుకెళ్ళి పోసుకోవచ్చు. ఎందుకంటే చేత్తో మోసేవాళ్ళు ఎన్ని లీటర్లు మోస్తున్నామో వాళ్ళ భుజానికి తెలుస్తుంది. అడ్డూ అదుపూ లేనిది పైపే. నియమం అంటే అలా ఉండాలి, వృథా ఎక్కడ జరుగుతోందో అక్కడ పడాలి.

మన తారీఖ్ కూడా ఇదే చెబుతుంది. బీదర్‌లో బహమనీల కాలం నాటి కరేజ్, ఔరంగాబాద్‌లో మాలిక్ అంబర్ వేయించిన నహ్ర్, మన గోల్కొండ బావ్‌డీలు ఎండను చూసి భయపడి తోటలు మూసేసినవాళ్ళ పనులు కావు. తక్కువ నీళ్ళను దాచి, నడిపించి, పంచుకున్నవాళ్ళ పనులు. స్పెయిన్‌లో వలెన్సియా అనే ఊళ్ళో ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి తలుపు దగ్గర రైతుల నీళ్ళ అదాలత్ కూర్చుంటుంది. అక్కడి కాలువను అసేకియా అంటారు. అది అరబ్బీ సాఖియా అనే మాటే. ముస్లింల ఏలుబడి నాటి ఆన్వాయితీ అని చెబుతారు. 2009లో యునెస్కో దాన్ని గుర్తించింది. ఆ అదాలత్ ముందుకొచ్చే తగువు ఎవరి బారీ ఎవరు దాటారు, ఎవరు వృథా చేశారు అని. తోట ఎందుకు వేశావు అని కాదు.

నన్ను ఎవరూ తప్పుగా అర్థం చేసుకోవద్దు. తాగడానికే నీళ్ళు లేని ఇంట్లో బైంగన్ ముందు అని నేను అనడం లేదు. ముందు మనిషి, పసిపిల్లలు, ముసలివాళ్ళు, తర్వాత గిన్నెలు, తర్వాత మొక్క. మొక్కల్లో కూడా తర్తీబ్ ఉంది. నీళ్ళు నిజంగా తగ్గితే పూల గమ్లాలు నీడకు చేర్చి బతికించుకుంటే చాలు, ఆకుకూర క్యారీల్లో సగం కోసేసి వంట చేసుకోండి, కాయ కట్టిన బెండకు, మిర్చీకి మాత్రం వంతు ఇవ్వండి. తోటను చిన్నది చేసుకోవడం వేరు, బంద్ చేయించడం వేరు. మొదటిది తోటవాళ్ళు స్వయంగా, అఖల్‌తో చేసే పని. రెండోది పైనుంచి పడే హుకుమ్.

అందుకని కమిటీల్లో కూర్చున్న భాయిజాన్‌లకు నా మాట సాఫ్‌గా చెబుతున్నాను. ఆ కాగితం తీసేసి ఇంకోటి రాయండి. వానలు పడేదాకా పైపుతో గచ్చు, కార్లు కడగడం బంద్, తడిగుడ్డతో తుడుచుకోవాలి. మిద్దె తోటలకు వాడేసిన నీళ్ళు ఎంతైనా పోసుకోవచ్చు, పైపు మాత్రం పెట్టకూడదు. ట్యాంక్ పొంగితే ఆ పొంగు నీళ్ళు మోరీలోకి కాదు, మిద్దె మీది డ్రమ్ములోకి పోవాలి. నియమం రాసేముందు ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి అడగాలి.

ఇక ఆపాలు, ఖాలాలు, బెహనోలకు. జుర్మానా కాగితం చూసి గమ్లాలు ఖాళీ చేయకండి. ఒక తసలా కొనండి, వారం రోజులు మీ ఇంటి వజూ నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పట్టి కొలవండి, కాగితం మీద రాయండి. మీ మొక్కలకు ఎంత పోస్తున్నారో కూడా రాయండి. ఆ రెండు అంకెలు పట్టుకుని మీటింగ్‌కు వెళ్ళండి. మా బిల్డింగ్ మీటింగ్ వచ్చే ఆదివారం, అసర్ తర్వాత. ఖాలాను కూడా తీసుకెళ్తున్నాను.